ఒడ్డుకు చేరిన అడవి

"అంత దట్టమైన అడవి అంటివే, మరి అన్ని జంతువులు ఏటొడ్డునే ఎట్ట కనపడ్డాయబ్బయా?"

ముత్తుకూరులో మా మేనత్త అడిగిన ప్రశ్న ఇది. బోర్నియో నుంచి వచ్చిన వారానికి ఆమె ఇంటికెళ్ళి ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నాను. పొయ్యి మీద బాణలిలో అలసంద వడలు వేగుతున్నాయి. ఒక చేత్తో చిల్లుల గరిటె, ఇంకో చేతిలో నా ఫోను. నేను జంతుశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి జవాబు వెంటనే వచ్చేసింది: "వానలు ఎక్కువత్తా, అడవి దట్టం, అందుకే జంతువులూ ఎక్కువ." ఇంటికొచ్చే దారిలో ఆలోచిస్తే ఆ జవాబు తప్పని తెలిసింది. అడవి దట్టమయ్యే కొద్దీ జంతువులు కనిపించడం తగ్గాలి. అత్త అడిగిందే అసలు ప్రశ్న.

నేను వెళ్ళింది కినబటాంగన్ నదికి. బోర్నియో దీవిలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో ఉంది. పొడవు 560 కిలోమీటర్లు, మలేసియాలో రెండో పొడవైన నది. సుకావు అనే ఊళ్ళో పడవ ఎక్కాం. అక్కడివాళ్ళను ఒరాంగ్ సుంగాయ్ అంటారు, అంటే నది మనుషులు. మాకు పడవ నడిపినాయనా వాళ్ళలో ఒకడే. నీళ్ళు పెన్నకు కొత్తనీరు వచ్చినప్పటి రంగులో ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి బయల్దేరి, చీకటి పడేలోపు మూడు గుంపుల ముక్కు కోతుల్ని, ఒక ఒరాంగుటాన్‌ని, లెక్క మరిచిపోయేటన్ని హార్న్‌బిల్ పక్షుల్ని చూశాం. మరుసటి రోజు ఏనుగులు.

మా వైపు నేలపట్టు పక్షుల చెరువులో గూడబాతులు కనిపించడంలో వింత లేదు. చెరువు నీళ్ళలో నిలబడ్డ పొట్టి చెట్ల మీదే గూళ్ళు కడతాయి, కట్ట మీద నిలబడితే చాలు. పులికాట్‌లో భీములవారిపాళెం నుంచి పడవలో పోతే కనుచూపు మేర నీళ్ళే, పక్షి దాక్కునే చోటే లేదు. వర్షారణ్యం అట్టా కాదు. పెద్ద చెట్లు నలభై మీటర్లకు పైగా పెరుగుతాయి, అంటే పది పన్నెండు అంతస్తుల మేడంత. ఆకులన్నీ పైన గొడుగులా కమ్ముకుంటాయి. ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే నేలకు దిగుతుంది. వెలుగు పైనే, కాబట్టి లేత ఆకులు పైనే, పళ్ళు పైనే, జంతువుల్లో చాలా భాగమూ పైనే. కింద నడిచే మనిషికి జలగలు, చెమట, తలపైన ఏదో కదిలిన చప్పుడు, అంతే దక్కేది.

నది ఆ గొడుగును చీలుస్తుంది. చీలిక పొడవునా ఎండ పడుతుంది, ఆకులు నీటి అంచు దాకా తెరలా వేలాడతాయి. నలభై మీటర్ల పైన ఉండాల్సింది మన కంటి ఎత్తుకు దిగివస్తుంది. పడవ ప్రయాణానికి పేరు రావడానికి ఇదొక కారణం. న్యాయమైన కారణం.

ఇక ముక్కు కోతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బోర్నియోలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పడవాయన ఇంజన్ ఆపి, తెడ్డుతో ఒడ్డుకు జరిపాడు. పది గజాల దూరంలో మగకోతి కొమ్మ చీలికలో కూర్చుని లేత ఆకులు తుంచుకు తింటోంది. ఇరవై కిలోల బరువుంటుంది. ఇటుక రంగు వీపు, తెల్లటి తోక, బానలాంటి పొట్ట. ముక్కు పెదవి మీదకి వేలాడుతోంది. పండిన వంకాయలా మెత్తగా ఉంది. ఆకు నోట్లో పెట్టుకునేటప్పుడు ముక్కు అడ్డమొస్తే ఎడమచేత్తో పక్కకి జరుపుకుంది. ఆ ఒక్క క్షణం కోసం అంత దూరం పోయినా ఫరవాలేదనిపించింది. మలయ్ భాషలో దీనికి పాత పేరు డచ్చి కోతి. తమ తీరానికి వచ్చిన తెల్లవాళ్ళ ముక్కుల్ని చూసి అక్కడివాళ్ళు పెట్టిన పేరు. ఆ డచ్చివాళ్ళే 1613లో మన పులికాట్‌లోనూ కోట కట్టారు.

అంత ముక్కెందుకు? మగవాటికే ఇంత పెద్దది. ముక్కు పెద్దదైతే గొంతు మరింత బొంగురుగా మోగుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పెద్ద ముక్కున్న మగకోతులకు ఒళ్ళూ పెద్దదే, వాటి గుంపులో ఆడకోతులూ ఎక్కువే.

నన్ను అంతకన్నా ఆశ్చర్యపరిచింది ఆ పొట్ట. ఆవుకున్నట్టే దీని పొట్టలోనూ గదులుంటాయి. వాటిలో సూక్ష్మజీవులు ఆకుల్ని పులియబెట్టి అరిగిస్తాయి. తీపిగా పండిన పండు తింటే పులియడం మితిమీరి కడుపు ఉబ్బుతుంది కాబట్టి పచ్చికాయలు, గింజలు, లేత ఆకులే దీనికి మేలు. కినబటాంగన్‌లో కలిసే మెనంగుల్ అనే చిన్న ఏటి ఒడ్డున జపాన్ పరిశోధకులు ఈ కోతుల్ని ఏళ్ళ తరబడి చూశారు. కొన్ని కోతులు మింగిన ఆకును మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమలడం వాళ్ళ కంటపడింది. 2011లో ఆ సంగతి ప్రకటించారు. నెమరు వేసే కోతి! అంతకుముందు కోతుల జాతిలో ఎక్కడా ఇది నమోదు కాలేదు.

పగలంతా లోపల మేసి, సాయంత్రానికి ఇవి ఏటి ఒడ్డు చెట్ల మీదికే నిద్రకు వస్తాయి. ఒక పక్క నీళ్ళుంటే ఆ పక్కనుంచి మబ్బుచిరుత రాలేదు. తప్పించుకోవాలంటే అవతలి గట్టుకు దూకొచ్చు. నీళ్ళలో మొసళ్ళుంటాయి కనుక, ఏరు ఇరుకుగా ఉన్న చోటే ఎక్కువగా ఎంచుకుంటాయి. సాయంత్రం పడవలో పోయినవాళ్ళకు కోతులు కనిపించడం అదృష్టం కాదు, వాటి దినచర్య.

ఒరాంగుటాన్ కనిపించింది మేడిచెట్టు మీద. మేడిపండు విప్పితే పురుగులుంటాయని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతారు, అసహ్యంగా. కానీ ఆ పురుగు లేకపోతే మేడి లేదు. మర్రి, రావి, జువ్వి, మేడి, ఏదైనా ఒకటే కథ. మనం పండు అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. దాని కొనన ఉన్న సూదిమొనంత కంతలోంచి ఒక ఆడ కందిరీగ దూరుతుంది, చీమకన్నా చిన్నది. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడి పూలకంటించి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. పుట్టిన మగపిల్లలకు రెక్కలే ఉండవు. జతకట్టి, అక్కచెల్లెళ్ళు బయటికి పోయేందుకు సొరంగం తవ్వి, అవీ చనిపోతాయి. రెక్కలున్న ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. ఈ కీటకాలు బతకాలంటే అడవిలో ఎక్కడో ఒకచోట ఏడాది పొడవునా మేడి కాస్తూనే ఉండాలి, కాస్తుంది కూడా. బోర్నియోలోని మహావృక్షాలు చాలావరకు కొన్నేళ్ళకొకసారి అన్నీ కలిసి కాసి ఊరుకుంటాయి. ఆ మధ్యకాలంలో హార్న్‌బిల్‌కీ ఒరాంగుటాన్‌కీ కడుపు నింపేది ఈ మేడిపళ్ళే.

రాత్రి టార్చితో మళ్ళీ పడవెక్కాం. వెలుగు నీటి మీద తిప్పితే రెండు ఎర్రటి నిప్పుకణికలు, మొసలి కళ్ళు. మన ఊరి రోడ్ల మీద లారీ లైటుకు గేదె కళ్ళు మెరిసినట్టే. కంటి రెటీనా వెనక అద్దం లాంటి పొర ఉండి, పడిన వెలుగును మళ్ళీ వెనక్కి పంపుతుంది. దాంతో చీకట్లో చూపు మెరుగు. ముక్కు కోతికి, మనకు ఆ పొర లేదు. చెట్ల మీద పడుకున్న గుంపులు తల పైనే ఉన్నా టార్చికి ఒక్క కన్నూ మెరవలేదు.

ఇక్కడి దాకా చెప్పినవి న్యాయమైన కారణాలు. మిగిలింది మరుసటి ఉదయం కనిపించింది.

ఒక పిల్లకాలువ మీద రెండు చెట్ల మధ్య వెడల్పాటి పట్టీలు వేలాడుతున్నాయి. పాత ఫైరింజన్ గొట్టాలట. ఒరాంగుటాన్‌కి ఈత రాదు. ఒకప్పుడు రెండు ఒడ్ల మహావృక్షాలు పైన కొమ్మలు కలుపుకుని ఉండేవి, వాటి మీదుగా దాటేది. ఆ చెట్లు పోయాయి. గొట్టాలతో వంతెన కడితే తప్ప ఆ గట్టు దానికి అందదు. పట్టీ మీద నాచు పట్టి ఉంది. మధ్యలో ఒకచోట మాత్రం నాచు అరిగిపోయి కాన్వాసు గుడ్డ కనిపిస్తోంది.

ఆ చెట్లు ఎక్కడికి పోయాయి? గత శతాబ్దం రెండో సగంలో ముందు కలప కోసం నరికారు, ఆ వెనక పామాయిల్ తోటలు వేశారు. సండకాన్ పట్నం నుంచి సుకావుకు రెండు గంటల కారు ప్రయాణంలో ఎక్కువ సేపు కనిపించేవి ఆ తోటలే. నీళ్ళు నిలిస్తే పామాయిల్ చెట్టు తట్టుకోలేదు కాబట్టి వరదలొచ్చే నదీతీరం చాలాచోట్ల మిగిలింది. 2005లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 26,000 హెక్టార్లు, పది ముక్కలుగా. అత్త ప్రశ్నకు జవాబు ఇదే. అడవంతా పరుచుకుని తిరగాల్సిన జంతువులు నదిని అంటిపెట్టుకున్న ఆ పట్టీలో సర్దుకున్నాయి. ఏనుగులకు ముందు తోటల కరెంటు కంచె, వెనక నది. బోర్నియో ఏనుగులు మొత్తం వెయ్యి దాకా ఉంటాయని అంచనా. వాటి మందను అంత దగ్గరగా చూసి పడవలో అందరం చప్పట్లు కొట్టినంత పని చేశాం. అవి ఎందుకు అంత దగ్గరగా ఉన్నాయో అప్పుడు అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పామాయిల్ చెట్టు పశ్చిమ ఆఫ్రికాది. మలేసియాలో మొదట్లో కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవాళ్ళు. 1981లో కామెరూన్ నుంచి ఒక ముక్కుపురుగును తెచ్చి తోటల్లో వదిలాక ఆ పని పురుగే చేయసాగింది, దిగుబడి పెరిగింది. అడవిలో మేడికి కందిరీగ, తోటలో పామ్‌కి ఈ పురుగు. రెండూ బియ్యపుగింజంత కూడా ఉండవు.

ఆ నూనె ఎక్కడికి పోతుందో చెప్పడానికి నెల్లూరు వాణ్ణి నేను దూరం వెళ్ళక్కర్లేదు. ప్రపంచంలో పామాయిల్ ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే, ఇండోనేసియా, మలేసియాల నుంచే అధికం. ఆ ఓడలు ఆగే రేవుల్లో కృష్ణపట్నం ముఖ్యమైనది. ముత్తుకూరు మండలం పంటపాళెం దగ్గర నూనె శుద్ధి ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. ఏ గెల ఏ తోటదో ఓడలో చేరాక ఎవరూ విడదీయలేరు. దాన్ని మానేస్తే సరిపోతుందా అంటే, హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. అంత నూనె వేరుశనగతో తీయాలంటే అంతకు ఎన్నో రెట్లు నేల కావాలి. మన గోదావరి జిల్లాల్లో ఈ తోటలు సాగుభూమిలో వేశారు, అడవి కొట్టి కాదు. కాబట్టి తప్పు చెట్టుది కాదు, అది నాటిన చోటుది. నదికి రెండు పక్కలా ఇంకొంత వెడల్పు వదిలి, తెగిన ముక్కల్ని మళ్ళీ చెట్లతో కలపడం చేయగలిగిన పనే, అక్కడి ఊళ్ళవాళ్ళు మొక్కలు నాటుతూనే ఉన్నారు.

మళ్ళీ ముత్తుకూరు వెళ్ళినప్పుడు అత్తకు ఇదంతా చెప్పాను. ఆమె ఫోను తీసుకుని మగకోతి ఫొటో దగ్గర ఆగింది. రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి, కోతిని పక్కకి జరిపి, కొమ్మల సందులోకి చూసింది.

"వెనకాల వరసగా ఉండేటివేంది, కొబ్బరిచెట్లా?"

నేను అద్దాలు పెట్టుకుని చూశాను. కోతి భుజం పక్కన, ఆకుల సందులో, గీత గీసినట్టు పామాయిల్ మట్టలు.

"కాదత్తా," అన్నాను. ఆమె వరసలో ఎన్నున్నాయో వేలితో లెక్కపెడుతోంది.