ఒక్క వరుసే మిగిలిన లోగిలి

లండన్ వంతెన దాటి దక్షిణాన సదర్క్‌లో అడుగుపెడితే, బరో హై స్ట్రీట్ పక్కన ఒక ఇరుకు సందు వస్తుంది. అందులో ఉంది జార్జ్ ఇన్. గుర్రపు కోచ్ బండ్ల నాటి సత్రాల్లో కర్ర వసారాలతో లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. చూడగానే ఏదో వెలితి తోస్తుంది. నిజానికి ఇది మన మండువా లోగిలికి దూరపు చుట్టం: నడుమ ఆరుబయలు, చుట్టూ ఇల్లు. ఇప్పుడున్నది దక్షిణపు వరుస మాత్రమే.

అసలు సత్రాలు ఇక్కడే గుమిగూడటానికి కారణం ఆ వంతెనే. 1750లో వెస్ట్‌మినిస్టర్ వంతెన తెరిచేదాకా నగరంలో థేమ్స్‌ నది మీద వంతెన అదొక్కటే. దాని మీదే ఇళ్లు, దుకాణాలు. ఆ ఇరుకులో బండి తోలడం కంటే ఇవతలే గుర్రాలు విప్పడం నయం. ఆంగ్ల కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథల్లో’ యాత్రికులు కాంటర్‌బరీకి బయలుదేరిన టాబార్డ్ సత్రం దీని పక్కదే.

1676లో సదర్క్ తగలబడినప్పుడు జార్జ్ కూడా కాలిపోయింది. మరుసటి ఏడే తిరిగి కట్టారు. కింద ప్రయాణికులు బండి కోసం కాచుకునే గది, పైన పడకగదులు. ఆ గదులకు దారి ఇంటి లోపలి నుంచి కాదు, వాకిలి వైపు వేలాడే కర్ర వసారాల మీదుగా. మన సత్రం వరండా గుర్తొస్తుంది గానీ, ఇక్కడ బసకూ భోజనానికీ డబ్బు కట్టాలి. పూటకూళ్ల ఇల్లు అనడమే సబబు.

లోపల గోడకు పెద్ద ముఖమున్న గడియారం ఒకటి ఉంది. 1797లో ప్రభుత్వం గడియారాల మీద పన్ను వేసింది. జనం సొంత గడియారాలు మానుకుని సత్రాల్లోవి చూసుకునేవారని, అందుకే వీటికి ‘పార్లమెంటు గడియారాలు’ అనే పేరు వచ్చిందని చెబుతారు. పన్ను ఏడాదికే ఎత్తేశారు, పేరు మాత్రం అతుక్కుపోయింది.

1836లో కూతవేటు దూరంలో లండన్ బ్రిడ్జ్ రైల్వే స్టేషన్ వచ్చింది. కోచ్ బండ్లకు కాలం చెల్లింది. తర్వాత సత్రం గ్రేట్ నార్తర్న్ రైల్వే చేతికే చిక్కింది. సరకు గోదాముల కోసం ఆ కంపెనీ 1889లో రెండు వరుసలు పడగొట్టింది. టాబార్డ్ అప్పటికే నేలమట్టమైంది. మూడో వరుస దక్కడం ముందుచూపు వల్ల కాదు, దానితో అవసరం పడకపోవడం వల్లే అనిపిస్తుంది.

చివరికి 1937లో దాన్ని పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టుకు అప్పగించింది కూడా రైలు కంపెనీయే, గ్రేట్ నార్తర్న్‌ను కలుపుకున్న లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే. ఇప్పుడది పబ్. గుర్రాలు విప్పిన వాకిట్లో బల్లలు వేసి బీరు పోస్తున్నారు.