అడ్వాన్సు గొడవకు మూలం 1999లో ఉంది

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె, రిపేర్లకని ఇంకొంత అడ్వాన్సులో కోసుకోవడంపై గొడవ మళ్లీ రేగింది. షరా మామూలుగా ఇరుపక్షాలూ పదకొండు నెలల అగ్రిమెంటునే చూపిస్తున్నాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం గురించి చాలామందికి తెలుసు. ఈ తగాదాకు సంబంధించినంతవరకు అసలు మలుపు మాత్రం 1999 ఏప్రిల్ 1.

1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పదకొండు నెలల అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో 17వ సెక్షన్‌ను సవరించి ఆ గడువునే ఎత్తేసింది. అప్పటి నుంచి ఇక్కడ ఎన్ని నెలల లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే. చట్టం మారినా జిరాక్స్ సెంటర్లలో దొరికే అగ్రిమెంటు నమూనా మాత్రం మారలేదు.

వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించినా, రిజిస్టర్ చేయకపోతే ఆ కాగితాన్ని అందులోని షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెప్పేది అదే. మనిషి ఆ ఇంట్లో అద్దెకే ఉంటున్నాడని చూపడం లాంటి అనుబంధ విషయాలకే అది పనికొస్తుంది. స్టాంపు డ్యూటీ తక్కువైతే, బకాయితో పాటు జరిమానా కట్టేదాకా అందుకూ పనికిరాదు.

అప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ముందుకొస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు దాని 108వ సెక్షన్ ప్రకారం, అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు మాత్రం అతను బాధ్యుడు కాడు. గోడల రంగు వెలిసిపోవడం ఆ అరుగుదలే. పిల్లల గీతలు, డ్రిల్లు చేసిన రంధ్రాలు, పగిలిన అద్దం అలా కావు, వాటి ఖర్చు అద్దెదారుదే. అద్దె కూడా నెలవారీదిగానే మిగులుతుంది. 106వ సెక్షన్ కింద ఖాళీకి ఇవ్వాల్సిన నోటీసు 15 రోజులే. అయితే అద్దె నియంత్రణ వర్తించే ఇంట్లో నోటీసొక్కటే చాలదు, ఖాళీ చేయించడానికి చట్టంలో చెప్పిన కారణం కూడా ఉండాలి.

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగడం భారమని ఓనర్లు అంటారు. భారమే. దాన్ని తప్పించుకుని, కోత షరతు మాత్రం చెల్లాలనడం కుదరదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. సున్నం, పైపుల మార్పు, వైరింగు ఓనరుకు; కుళాయి వాషర్లు, స్విచ్చులు, తాళాలు, డ్రైనేజీ శుభ్రం అద్దెదారుకు పంచింది. రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. ఏదేమైనా అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇచ్చి, దేనికి ఇచ్చారో ఆ చెల్లింపు వివరాల్లో రాయండి. ఇంట్లో దిగిన రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫొటోలు తీసి ఓనరుకు పంపండి.