ఒకే మట్టంలో ఉన్న మూలలు

చిట్టితల్లీ, బాబూ,

మీరు పంపిన కాగితం ఫోటో పెద్దది చేసుకుని మరీ చదివాను. అంచుకొకటి చొప్పున, ఒక్కో ఓమ్ నిరోధాలు పన్నెండింటితో చేసిన ఘనం, ఎదురెదురు మూలల మధ్య ఫలిత నిరోధం ఎంత అన్న లెక్క. మూలమూలకీ కరెంటు, చుట్టుచుట్టుకీ వోల్టులు సరిచూసే కిర్కాఫ్ నియమాలు పట్టుకుని సమీకరణాల మీద సమీకరణాలు రాశారు. మూడో పేజీలో ఎక్కడో ఒక మైనస్ జారిపోయింది. మీ ఓపిక చూసి ముచ్చటేసింది కానీ, ఈ లెక్కకి ముందు బొమ్మని కాసేపు ఊరికే చూడాలి. పెన్ను తర్వాత.

మన ఇంటి వెనక పంట బోదె గుర్తుందిగా? ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా అంతా మట్టం తేడా మీదే బతుకుతోంది. అక్కడ నది మట్టం పెంచి నిలబెట్టబట్టే నీళ్లు తమంతట తామే కాలవల్లోకి, బోదెల్లోకి, చేలల్లోకి దిగుతున్నాయి. నీరు పల్లమెరుగు. కరెంటుకి ఆ పల్లం పేరు పొటెన్షియల్. పక్కపక్క బోదెల మధ్య గట్టులో తూము ఉందనుకోండి. రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో ఉంటే తూము తీసినా మూసినా చుక్క కదలదు. లాకుల దగ్గర కూడా అటూ ఇటూ నీళ్లు సమం అయ్యాకే పడవకి తలుపు తీస్తారు.

నిరోధాలు అల్లిన వలలోనూ అంతే. రెండు మూలల పొటెన్షియల్ ఒకటే అయితే వాటి మధ్య నిరోధాన్ని తీసేయవచ్చు, లేదా ఆ రెంటినీ తీగతో కలిపేయవచ్చు. మిగతా వలలో ఏమీ మారదు. అలాంటి మూలల్ని లెక్క లేకుండా పట్టిచ్చేదే సౌష్ఠవం, అంటే తిప్పినా అద్దంలో చూసినా బొమ్మ అలాగే ఉండటం.

ఇప్పుడు మీ ఘనం. ఒక మూలలో 6 ఆంపియర్లు పోయండి. అక్కడి నుంచి బయల్దేరే మూడు అంచులకీ ఏ తేడా లేదు, తలా 2. ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలితే 1, 1. చివర మళ్లీ 2 చొప్పున మూడు అంచులు కలుస్తాయి. అంచు ఒక్కో ఓమే కాబట్టి ఎన్ని ఆంపియర్లో అన్ని వోల్టులు. ఏ దారిన నడిచినా 2+1+2, అంటే 5 వోల్టులు. ఐదుని ఆరుతో భాగిస్తే 5/6 ఓమ్. మూడు పేజీల పని మూడు వాక్యాల్లో అయిపోయింది.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది ఒకే పలక మీది ఎదురు మూలల లెక్క. కింది పలక మూలలు వరసగా క, ఖ, గ, ఘ. వాటి మీద చ, ఛ, జ, ఝ. బ్యాటరీ క, గ లకి. క నీ గ నీ ఒకదానికొకటి ప్రతిబింబం చేసే అద్దం నిలబెట్టండి, నేను ధనుర్మాసంలో ముగ్గు సగం వేసి రెండో సగం దానికి జోడుగా తిప్పినట్టు. ఖ, ఘ, ఛ, ఝ నాలుగూ ఆ అద్దం మీదే పడతాయి. అద్దం మీదున్న మూల పై మట్టానికీ కింది మట్టానికీ సరిగ్గా మధ్యలో ఉండక తప్పదు. అంటే నాలుగూ ఒకే మట్టం. కాబట్టి ఖ-ఛ, ఘ-ఝ నిలువు కాళ్లలో కరెంటు సున్నా. తీసి పక్కన పెట్టండి. మిగిలిన దారులు: కింద 2 ఓమ్‌లవి రెండు, పైనుంచి తిరిగొచ్చేది 1+1+1 (నడిమి 1, పై పలకలో పక్కపక్కన ఉన్న రెండు 2 ఓమ్‌ల దారులు కలిసి). మూడూ సమాంతరం. 3/4 ఓమ్.

ఇక మీ తప్పు. ఒకే అంచు చివర్లు క, ఖ ల మధ్య కూడా అంచులో కరెంటు "మూడో వంతే" అని 1/3 ఓమ్ వేశారు. బ్యాటరీ ఖ దగ్గర తగిలించగానే క నుంచి వెళ్లే మూడు అంచులూ ఒకటి కాకుండా పోయాయి, ఒకటి నేరుగా ఖ కే పోతోంది కదా! సౌష్ఠవం బొమ్మది మాత్రమే కాదు, తీగలు తగిలించిన చోటుది కూడా. నేను చదువుకునే రోజుల్లో ఇక్కడే పడ్డాను, అందుకే గట్టిగా చెప్తున్నా. పోయిన సౌష్ఠవాన్ని ఇలా తెచ్చుకోవచ్చు. క లో 7 పోసి మిగతా ఏడు మూలల్లో తలా 1 తీయండి: క-ఖ లో 7/3. విడిగా, ఖ లో 7 తీసి మిగతా ఏడింటిలో తలా 1 పోయండి: మళ్లీ క-ఖ లో 7/3. రెంటినీ కలిపితే ఆరు మూలల్లో పోసిందీ తీసిందీ చెల్లు. క లో 8 దిగి ఖ లో 8 బయటికొస్తాయి, అంచులో 14/3. అంటే 14/3 వోల్టులు, 8తో భాగిస్తే 7/12 ఓమ్.

నిన్న 100 ఓమ్‌ల రెసిస్టర్లు, అవే గోధుమ, నలుపు, గోధుమ, బంగారు చారలవి, పన్నెండు కలిపి ఘనం అతికాను. మల్టీమీటరు ఎదురు మూలల మధ్య 83 దగ్గర, అంచు మీద 58 దగ్గర చూపించింది. క, గ ల మధ్య 75 దగ్గర. అలా పెట్టి ఉంచే ఖ-ఛ కాలు కటింగ్ ప్లయరుతో తెంపాను. అంకె కదల్లేదు. ఘ-ఝ కాలు మీకోసం తెంపకుండా ఉంచాను. సంక్రాంతికి రాగానే మీరే తెంపండి.

మీ అమ్మమ్మ