పాలజాతి క్రీము, వెన్నజాతి క్రీము

రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒకదాంట్లో శనగగింజంత సెరావె మాయిశ్చరైజింగ్ క్రీము, ఇంకోదాంట్లో అంతే నివియా క్రీము వేసి చెంచాతో బాగా తిప్పండి. సెరావె మెల్లగా విడిపోయి నీళ్లు పలచని పాలలా తెల్లబడతాయి. నివియా అలా కలవదు. ఎంత తిప్పినా చిన్న చిన్న ఉండలై పైన తేలుతుంది, కొంత చెంచాకు అంటుకుంటుంది, నీళ్లు మాత్రం దాదాపు తేటగానే ఉంటాయి. మొన్న ఆదివారం మా వదిన వంటింట్లో ఇదే చేసి చూశాం. "రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండూ మొహానికి రాసుకునేవే, మరి ఇదేంటి ఇలా?" అంది.

నిజానికి తను మొదట అడిగింది వేరే ప్రశ్న. జర్మనీ నుంచి వచ్చిన చుట్టాలు ఇచ్చిన నివియా నీలం డబ్బా, కూతురు ఆన్‌లైన్‌లో తెప్పించిన సెరావె డబ్బా రెండూ ముందు పెట్టి, "వీటిలో ఏది మంచిది?" అని అడిగింది. డబ్బా వెనక ఉన్న పదార్థాల జాబితా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. కానీ ఆ జాబితా నోరు విప్పని సంగతి ఒకటుంది, అది ముందు తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గ్లాసుల్లో కనిపించింది ఆ సంగతే.

రెండు క్రీముల జాబితాలోనూ మొదటి పేరు నీళ్లే. రెండూ నీళ్లనీ నూనెనీ విడిపోకుండా కలిపి నిలిపిన మిశ్రమాలే. శాస్త్రంలో వీటిని ఎమల్షన్లు అంటారు. తేడా అంతా ఏది లోపల ఉంది, ఏది బయట ఉంది అన్నదాంట్లోనే. పాలల్లో బయట ఉండేది నీళ్లు. కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా ఆ నీళ్లలో తేలుతుంటుంది. అందుకే పాలల్లో ఎన్ని నీళ్లు పోసినా కలిసిపోతాయి. పెరుగు కవ్వంతో చిలుకుతుంటే ఆ కొవ్వు బొట్లు ఒకదానికొకటి తగిలి అతుక్కుని, ఒక దశలో వ్యవహారం తిరగబడుతుంది. కొవ్వు బయటికొచ్చి ముద్దకడుతుంది, నీళ్లే చిన్న బొట్లుగా దాని లోపల చిక్కుకుంటాయి. అదే వెన్న. బజార్లో అమ్మే వెన్నలో నూటికి 16 పాళ్ల దాకా నీళ్లుండొచ్చు. అయినా ఆ ముద్దను నీళ్లలో వేస్తే కలవదు, తేలుతుంది. మన ఇళ్లలో వెన్న తీసి చన్నీళ్లలోనే కదా వేసి ఉంచేది. ఈ లెక్కన సెరావె పాలజాతి క్రీము, నివియా వెన్నజాతి క్రీము.

మొహానికి రాసుకున్నప్పుడు తెలిసేది కూడా ఈ తేడానే. పాలజాతి క్రీములో చర్మానికి ముందు తగిలేది నీళ్లు. చల్లగా అనిపిస్తుంది, కొద్ది నిమిషాల్లో ఆ నీళ్లలో చాలా భాగం ఆరిపోతుంది, పలచని పొర ఒకటి మిగులుతుంది. వెన్నజాతి క్రీములో ముందు తగిలేది నూనె. అద్దంలో చూసుకుంటే మొహం మెరుస్తుంటుంది, వేలు పెడితే జిడ్డు తెలుస్తుంది, ఆ పొర గంటల తరబడి వదలదు.

నీళ్లను నూనెలో ఇలా స్థిరంగా బంధించడం చిన్న పని కాదు. ఐజాక్ లిఫ్‌షుట్జ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గొర్రె ఉన్నికి అంటి ఉండే జిడ్డు నుంచి ఆ పని చేయగల పదార్థాన్ని వేరు చేసి దానికి యూసెరిట్ అని పేరు పెట్టాడు. జర్మనీలోని హాంబర్గ్‌లో బైయర్స్‌డార్ఫ్ కంపెనీ నడుపుతున్న ఆస్కార్ ట్రోప్లోవిట్జ్, పాల్ గెర్సన్ ఉన్నా అనే చర్మవైద్యుడి సలహాతో దాన్ని తీసుకుని 1911లో నివియా క్రీము తెచ్చాడు. మంచులా తెల్లనిది అన్న అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి ఆ పేరు పుట్టింది. మన అమ్మమ్మల కాలంలో "స్నో" అని పిలిచిన క్రీములదీ మంచు పేరే, కానీ అవి పాలజాతివి. స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం, దాని సబ్బు, నీళ్లు కలిపి చేసేవారు. రాసుకున్న కాసేపటికి చర్మంలో కలిసిపోయినట్టు మాయమయ్యేవి. పేరొకటే, పనితీరు పూర్తిగా వేరు.

ఇప్పుడు జాబితాలు చదువుదాం. చదివే పద్ధతి ఒకటుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఐరోపాలో కూడా దాదాపు ఇదే పద్ధతి. కాబట్టి మొదటి ఐదారు పేర్లలోనే క్రీము అసలు శరీరం ఉంటుంది. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో వేసే పేర్లు చాలాసార్లు ఆ ఒక శాతం గీత కింద దొరుకుతాయి.

నివియా నీలం డబ్బా వెనక నీళ్ల తర్వాత వచ్చేవి మినరల్ ఆయిల్, మైక్రోక్రిస్టలైన్ మైనం, గ్లిజరిన్, లానోలిన్ ఆల్కహాల్, పారఫిన్. లానోలిన్ ఆల్కహాల్ అంటే లిఫ్‌షుట్జ్ గొర్రె ఉన్ని జిడ్డులో కనిపెట్టినదే, నూరేళ్లు దాటినా ఇంకా ఆ జాబితాలో ఉంది. కాస్త కిందికి మెగ్నీషియం సల్ఫేట్ కనిపిస్తుంది. పత్తి ఆకులు ఎర్రబారితే మన రైతులు పిచికారీ చేసేది కూడా ఈ ఉప్పునే. ఇక్కడ దాని పని నీటి బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఎమల్షన్‌ను నిలబెట్టడం.

మినరల్ ఆయిల్ అనగానే "అది పెట్రోలు నుంచి తీసింది కదా" అని భయపడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ అది సరైంది కాదు. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన మినరల్ నూనెలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. బాగా శుద్ధి చేసినవాటిని ఆ జాబితాలో చేర్చలేదు. క్రీముల్లో వాడేది ఆ బాగా శుద్ధి చేసిన రకమే. దానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. గాలికి ముక్కిన వాసన పట్టదు, చర్మంతో ఏ చర్యా జరపదు. చర్మం మీద కూర్చుని లోపలి నీళ్లు ఆవిరైపోకుండా ఆపడం ఒక్కటే దాని పని.

నివియా జర్మనీ డబ్బా మీద ప్రిజర్వేటివ్, అంటే క్రీము పాడవకుండా వేసే పదార్థం, పేరు ఒక్కటీ ఉండదు. సూక్ష్మజీవులు పెరగాలంటే నీళ్లు కావాలి. వెన్నజాతి క్రీములో నీళ్లు విడివిడి బొట్లుగా నూనె గోడల మధ్య బందీగా ఉంటాయి కాబట్టి వాటికి విస్తరించే చోటుండదు. పాలజాతి క్రీముకు ఆ సౌకర్యం లేదు, నీళ్లు బయటే ఉన్నాయి, వేలు పెట్టిన ప్రతిసారీ సూక్ష్మజీవులు చేరతాయి. అందుకే సెరావెలో ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ వేశారు. దీన్ని ఒక శాతం మించి వాడకూడదని ఐరోపా నిబంధన. ఇలాంటి క్రీముల్లో "ప్రిజర్వేటివ్ లేదు" అని ఎవరైనా గొప్పగా చెబితే నేనైతే సంతోషించను, జాగ్రత్తపడతాను.

ఇక సెరావె. నీళ్ల తర్వాత గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సిటైల్ ఆల్కహాల్, సెటియరెత్-20, పెట్రోలాటమ్ (అంటే వాజెలిన్). ఆల్కహాల్ అన్న మాట రెండుసార్లు చూసి వదిన ఉలిక్కిపడింది. "ఆల్కహాల్ మొహాన్ని ఎండగొడుతుంది కదా?" అంది. ఎండగొట్టేది ఇథనాల్. దాని అణువులో ఉండేవి రెండే కార్బన్లు, కాబట్టి చిటికెలో ఆవిరైపోతుంది. సిటైల్ ఆల్కహాల్‌లో 16 కార్బన్ల పొడవాటి గొలుసు ఉంటుంది. చూడ్డానికి తెల్లటి మైనపు పెచ్చుల్లా ఉంటుంది, ఆవిరవడం అన్నమాటే లేదు. క్రీముకు చిక్కదనం, చర్మానికి నునుపు ఇచ్చేది అదే. సిటైల్ అన్న పేరు తిమింగలాన్ని సూచించే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1817లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ దీన్ని తిమింగలం తలలో దొరికే మైనం నుంచి తీశాడు. ఇప్పుడు ఎక్కువగా పామాయిల్, కొబ్బరినూనెల నుంచి తయారు చేస్తున్నారు.

ఆ నోరు తిరగని ట్రైగ్లిజరైడ్ కూడా మనకు పరాయిది కాదు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండేది 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. చలికాలం పొద్దున సీసాలో నూనె పేరుకుపోవడానికి ఇలాంటి ఆమ్లాలే కారణం. వాటిని పక్కనపెట్టి 8, 10 కార్బన్ల పొట్టి ఆమ్లాలను మాత్రమే వేరు చేసి మళ్లీ గ్లిజరిన్‌తో కలిపితే ఈ ట్రైగ్లిజరైడ్ వస్తుంది. ఇది చలికి పేరుకోదు, చేతికి తేలిగ్గా ఉంటుంది.

సెరావె పేరులోనే ఉన్న సెరమైడ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. మన చర్మం పైపొర వెంట్రుక మందం కంటే పలచన. అందులో పదిహేను ఇరవై వరసల మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. ఆ ఇటుకల మధ్య ఉండే సున్నంలాంటి కొవ్వులో బరువు లెక్కన సుమారు సగం సెరమైడ్లు, పావువంతు కొలెస్ట్రాల్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. గోడలో సున్నం రాలితే సందులు పడినట్టే, ఈ కొవ్వు తగ్గితే తేమ బయటికి పోయి చర్మం పొడిబారి పగుళ్లిస్తుంది. ఎగ్జిమా అనే దురద పెట్టే చర్మవ్యాధి ఉన్నవాళ్ల చర్మంలో సెరమైడ్లు తక్కువగా ఉంటాయని పరిశోధనల్లో తేలింది. కాబట్టి సెరమైడ్లను, వాటితోపాటు కొలెస్ట్రాల్‌ను క్రీములో కలపడం వెనక ఉన్న ఆలోచన నాకు నచ్చింది.

కానీ జాబితాలో వాటి చోటు చూడండి. మూడు సెరమైడ్లూ పొటాషియం ఫాస్ఫేట్ తర్వాత వస్తాయి. అది పీహెచ్, అంటే పులుపు పాలు, సరిచేసే ఉప్పు, మామూలుగా ఒక శాతం లోపే వేస్తారు. అంటే సెరమైడ్లు కూడా ఆ గీత కిందే ఉన్నాయనుకోవచ్చు. హయలురోనిక్ ఆమ్లం ఉప్పు ఇంకా కిందికి ఉంది. దాన్ని ఒక శాతం కలిపినా నీళ్లు జిగురు ముద్దవుతాయి కాబట్టి ఎవరైనా కొసరుగానే వేస్తారు. పైగా మామూలుగా దాని అణువు చర్మం లోపలికి దిగలేనంత పెద్దది, పైపైన తేమ పట్టి ఉంచుతుంది. ఈ కొద్దిపాటి పదార్థాలు వృథా అని నేను అనడం లేదు. రోజువారీ పొడిబారడాన్ని ఆపే పనిలో ఎక్కువ బరువు మోస్తున్నది మాత్రం గ్లిజరిన్, పెట్రోలాటమ్, ఆ రెండు మైనపు ఆల్కహాల్‌లే అంటున్నాను.

రెండు డబ్బాల్లోనూ పైవరసలో ఉన్న పేరు ఒకటి మీరు గమనించే ఉంటారు. గ్లిజరిన్. కిరాణా కొట్లో చిన్న సీసాలో దొరికేదే. నీళ్లను పట్టి చర్మం పైపొరలో నిలుపుతుంది. చవకైన ఈ ద్రవమంత నమ్మకంగా పనిచేసే తేమపదార్థాలు తక్కువ. నూరేళ్ల కిందట పుట్టిన క్రీము, 2005లో అమెరికాలో మొదలైన క్రీము రెండూ దాన్నే నమ్ముకున్నాయి.

సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు అసలు తేడా జాబితా చివర్లో కనిపిస్తుంది. నివియాలో పరిమళం ఉంది, సెరావెలో లేదు. ఐరోపా డబ్బాల మీద పరిమళంలోని ఎలర్జీ కారకాలను విడిగా పేర్కొనాలి కాబట్టి నివియా వెనక లిమొనీన్, లినలూల్, జెరానియోల్, సిట్రొనెలోల్ లాంటి పేర్లు వరసగా ఉంటాయి. లిమొనీన్ నిమ్మ తొక్క వాసన, లినలూల్ ధనియాల్లో ఉండేదే, జెరానియోల్ గులాబీది. ప్రకృతిలో దొరికేవి కదా, ఏం చేస్తాయి అనుకోకూడదు. లిమొనీన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే ఎలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. లానోలిన్ కూడా కొందరికి పడదు. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2023కు "ఆ ఏటి ఎలర్జీ కారకం"గా దాన్నే ఎంచింది. చాలామందికి ఈ రెండూ ఏ ఇబ్బందీ కలిగించవు. కానీ ఎగ్జిమా ఉన్నవాళ్లు, రాసుకోగానే మొహం మండేవాళ్లు వీటిని తప్పక చూసుకోవాలి.

ఆ తర్వాత మిగిలేది వాతావరణం. విశాఖపట్నం ఉక్కపోతలో వెన్నజాతి క్రీము మొహానికి రాస్తే ఊపిరాడనట్టు ఉంటుంది, పాలజాతిది పలచగా రాసుకుంటే చాలు. ఆదిలాబాద్ చలికాలం వేరు. న్యూజెర్సీలో హీటరు రాత్రంతా తిరిగే ఇంటి గాలి మరీ వేరు, అందులో తేమే ఉండదు. అలాంటి చోట నీళ్లను పట్టే పదార్థం ఒక్కటే సరిపోదు, పైన మూత పెట్టే నూనె పొర ఉండాలి. స్నానం అయ్యాక తడి పూర్తిగా ఆరకముందే రాసుకుంటే ఆ మూత కింద నీళ్లు కూడా మిగులుతాయి.

వదిన ఉండేది విజయవాడలో. రెండు డబ్బాలూ చేతిలో పట్టుకుని ఇంకా ఆలోచిస్తూనే గ్లాసులు కడగడానికి సింకు దగ్గరికి వెళ్లింది. సెరావె గ్లాసు కొళాయి కింద ఒక్కసారి తొలిపితే శుభ్రమైంది. నివియా గ్లాసు రెండుసార్లు తొలిపినా జిడ్డు పోలేదు, గిన్నెల సబ్బు వేసి రుద్దాల్సి వచ్చింది. "పొద్దున్నే మొహం కూడా ఇలాగే రుద్దాలా?" అంది. రుద్దాలి. అలా సబ్బుతో రోజూ రుద్దితే చర్మం సొంత కొవ్వు కూడా కొంత కొట్టుకుపోతుంది. వదిన నీలం డబ్బా తీసుకెళ్లి, రాత్రి పూట పగిలిన మడమలకు రాసి సాక్సులు వేసుకోవడానికని మంచం పక్కన పెట్టుకుంది.