నెట్ న్యూట్రాలిటీ ఉంది కాబట్టి ఓటీటీ మన సినిమా కొనాల్సిందేనా?

పోయిన నెల ఒక చిన్న నిర్మాత హార్డ్‌డిస్క్‌ని తువ్వాలులో చుట్టుకుని మా ఆఫీసుకి వచ్చారు. ఊళ్లో రెండెకరాలు అమ్మి తీసిన సినిమా అది. "నెట్‌లో అన్నిటినీ ఒకేలా చూడాలని నెట్ న్యూట్రాలిటీ రూల్ ఉంది కదండీ, పెద్దవాళ్లవి తీసుకుని మాది వద్దంటే ఎలా? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాశాను, జవాబు రాలేదు" అన్నారు. ఓటీటీలకు సినిమాలు డెలివరీ చేసే పని మాది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అపోహ: న్యూట్రాలిటీ రూల్ ఓటీటీలకూ వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. అది నెట్ ఇచ్చే కంపెనీల మీద ఉన్న రూల్. ఏ సైట్ చూసినా డేటాకు ఒకటే రేటు ఉండాలని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ చెప్పింది. కొన్ని సైట్లనే డేటా ఖర్చు లేకుండా చూపించే ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది అందుకే. ఏ యాప్‌నీ అడ్డుకోకూడదు, కావాలని నెమ్మది చేయకూడదు అన్న సూత్రాలను 2018లో టెలికాం శాఖ ఆమోదించింది. వీటిలో ఎక్కడా ఫలానా సినిమా కొనమని లేదు.

మరి ఈ రూల్ ఓటీటీల మీద కూడా పెట్టాలా? వద్దనే అంటాను. ఊరికి ఒక్కటే లైను వస్తే, ఆ లైనువాడు ఆపినది మనం చూడలేం. ఒక ఓటీటీ కాదంటే ఇంకోటుంది, యూట్యూబ్ ఉంది. సినిమాలు ఏరుకోవడమే వాళ్ల పని. కానీ మన సినిమా ఎన్ని నిమిషాలు చూశారో లెక్క సరిగ్గా చూపించకపోవడం అన్యాయం, దానికి వేరే రూల్ రావాలి. బలం చూసుకుని తొక్కేస్తున్నారనిపిస్తే వెళ్లాల్సింది వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో చూసే కాంపిటీషన్ కమిషన్‌కి.

రీచార్జ్‌తో ఓటీటీ ఫ్రీ అంటే రూల్ తప్పినట్టా? కాదు, ఫ్రీ చందాకే, డేటా మామూలుగానే ఖర్చవుతుంది. ఓటీటీకి సెన్సార్ తప్పనిసరా? చట్టప్రకారం కాదు, 2021 ఐటీ రూల్స్ కింద వయసు రేటింగ్ వాళ్లే ఇచ్చుకుంటారు.

ఆ నిర్మాత ట్రాయ్ జవాబు కోసం నాలుగు నెలలు ఎదురుచూశారు. నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంది. ఓటీటీ పంపిన క్యూసీ (క్వాలిటీ తనిఖీ) రిపోర్టు తెరిచి కూడా చూడలేదు. నేను తెరిస్తే, పెళ్లి సీనులో డైలాగుల కింద జనరేటర్ మోత ఉందని ఏ నిమిషం, ఏ సెకనో చెప్పే టైమ్‌కోడ్‌తో సహా రాసి ఉంది. మర్నాడే ఆయన్ని సౌండ్ స్టూడియోకి తీసుకెళ్లాను.