మన సర్వర్ టైమ్‌ని ఎవరు దొంగిలిస్తున్నారు?

బెంగళూరు మారతహళ్లిలో మా టీమ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు అబ్బాయి మొన్న తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మా టెస్ట్ సర్వర్ పొద్దుటి నుంచి నత్తనడక నడుస్తోంది, సీపీయూ ఏం చేస్తోందో చూపించే టాప్ కమాండ్ కొడితే సీపీయూ లైన్ చివర స్టీల్ అంకె 62 శాతం దగ్గర నిలబడి ఉంది. “అక్కా, స్టీల్ అంటే దొంగతనమే కదా? డబ్బు కట్టేది మనం, మన సీపీయూని ఎత్తుకుపోతున్నది ఎవరు?” అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. ఏళ్ల తరబడి క్లౌడ్ మీద పనిచేసేవాళ్లు కూడా ఆ అంకెను చూసీ చూడనట్టు వదిలేస్తారు, కానీ క్లౌడ్ అంటే ఏమిటో చెప్పేది అదే. మనం అద్దెకు తీసుకునేది యంత్రంలా కనిపించే ఒక వాటాని. అసలు యంత్రం ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఏదో డేటా సెంటర్‌లో ఉంటుంది, దాని మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ కూర్చుని ఇలాంటి వాటాలు పంచుతుంది. మన వర్చువల్ సీపీయూ పనికి సిద్ధంగా ఉన్నా, హైపర్‌వైజర్ వంతు ఇవ్వక నిలబెట్టిన సమయమే స్టీల్.

ఈ పంపకం క్లౌడ్ కంటే చాలా పాతది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం వాళ్లు 1967 నాటికే సీపీ-40 అనే వ్యవస్థను నడిపారు, ఒక్క మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద కంప్యూటర్, మీద 14 వర్చువల్ యంత్రాలు, వాడేవాళ్లలో ఎవరికి వాళ్లకు మెషిన్ మొత్తం తమదే అనిపించేట్టు. ఆ దారిలోనే 1972లో ఐబీఎం వీఎం/370 వ్యవస్థ వచ్చింది. కంప్యూటర్ ఖరీదు అలాంటిది కాబట్టి పంచుకోక తప్పలేదు. తర్వాత పీసీలు చవకయ్యాయి, పంచుకోవాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ చవకదనం ఎక్కడికి తీసుకెళ్లిందో నేను కళ్లారా చూశాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు సర్వర్ రూంలో మెయిల్‌కి ఒక డబ్బా, డేటాబేస్‌కి ఒకటి, పేరోల్‌కి ఇంకొకటి. రెండు సాఫ్ట్‌వేర్లు ఒకే డబ్బాలో పెడితే లైబ్రరీ వెర్షన్ల దగ్గర కొట్టుకునేవి, అందుకని దేనికది. నెలకొకసారి వచ్చే జీతాల రోజు తప్ప పేరోల్ సర్వర్ సీపీయూ నాలుగైదు శాతం దాటేది కాదు. అయినా దానికి కరెంటు, ఏసీ, యూపీఎస్ అన్నీ పూర్తిగా కావాలి.

మరి పీసీ ప్రాసెసర్ మీద ఐబీఎం పద్ధతే ఎందుకు వాడలేదు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1974లోనే ఒక నియమం రాసిపెట్టారు. యంత్రం స్థితిని తాకే ఇన్‌స్ట్రక్షన్ ఏదైనా సరే, పూర్తి అధికారం లేని ప్రోగ్రామ్ దాన్ని నడిపితే అక్కడికక్కడే ఆగి హైపర్‌వైజర్ చేతికి రావాలి అని. ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్ అలా చేయదు. పాప్‌ఎఫ్ అనే ఇన్‌స్ట్రక్షన్‌నే తీసుకోండి, ఇంటరప్ట్‌లను, అంటే చేస్తున్న పని ఆపి తమ సంగతి చూడమని పరికరాలు పంపే పిలుపులను, ఆపడానికో మళ్లీ తెరవడానికో ఆపరేటింగ్ సిస్టమ్ దీన్ని వాడొచ్చు. కానీ హైపర్‌వైజర్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కి పూర్తి అధికారం ఉండదు, అలా అధికారం లేని మోడ్‌లో నడిపితే ప్రాసెసర్ ఎర్రర్ ఇవ్వదు, ఎవరినీ పిలవదు, ఆ ఇంటరప్ట్ బిట్‌ని మాత్రం మార్చకుండా చప్పుడు చేయకుండా ముందుకెళ్లిపోతుంది. వర్చువల్ మెషిన్ లోపలున్న ఆపరేటింగ్ సిస్టమేమో, దాన్నే గెస్ట్ అంటారు, ఇంటరప్ట్‌లు ఆగాయనే నమ్మకంతో పని చేసుకుపోతుంది. పెంటియంలో ఇలాంటి ఇన్‌స్ట్రక్షన్లు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన పత్రం లెక్క తేల్చింది.

దీనికి స్టాన్‌ఫర్డ్ పరిశోధనలోంచి పుట్టిన వీఎంవేర్ దారి కనిపెట్టింది. 1998లో మొదలైన ఆ కంపెనీ 1999లో తెచ్చిన వర్క్‌స్టేషన్, గెస్ట్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్‌ని నడిచే ముందే చదివి, ప్రమాదకరమైన ఇన్‌స్ట్రక్షన్ల చోట వేరే కోడ్ రాసి నడిపించేది. నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని దానికే తెలియకుండా తిరగరాయడం! ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అది అబ్బురమే. ఇంగ్లండ్ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 2003లో వచ్చిన జెన్ ఇంకో దారి పట్టింది, గెస్ట్ కెర్నల్‌నే ముందుగా మార్చి హైపర్‌వైజర్‌తో నేరుగా మాట్లాడేలా చేసింది. అది వేగంగా నడిచేది, పైగా ఓపెన్ సోర్స్. 2005-06లో ఇంటెల్, ఏఎండీ ఆ లోటును ప్రాసెసర్‌లోనే సరిచేశాయి, 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్‌లోనే చేరిపోయింది.

సరిగ్గా ఈ మధ్యలో, 2006 ఆగస్టులో, అమెజాన్ జెన్ మీద ఈసీ2 మొదలుపెట్టి గంటకు 10 సెంట్లకు వర్చువల్ మెషిన్ ఇచ్చింది. మెషిన్ అంతా ఒక ఇమేజ్ ఫైల్‌గా మారాక దాన్ని నిమిషాల్లో లేపొచ్చు, చెరిపేయొచ్చు, గంటల లెక్కన బిల్లు వేయొచ్చు. ఇనుప డబ్బాతో ఇది కుదిరే పనేనా? అంతవరకు ఎక్కువగా ఒకే ఆఫీసు వాళ్లు పంచుకున్న యంత్రంలో ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు పక్కపక్కన చేరారు, వాళ్ల మధ్య గోడ హైపర్‌వైజరే. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడినప్పుడు క్లౌడ్ కంపెనీలు అంత హడావిడి పడింది అందుకే, ఆ గోడ కింద ఉన్న ప్రాసెసర్‌లోనే బీట కనబడింది మరి.

మళ్లీ మా సర్వర్ దగ్గరికి వస్తే, అక్కడ పక్కవాడి తప్పేం లేదు. మేము తీసుకున్నది చవక రకం, సీపీయూలో కొంత శాతమే మన వంతు, తక్కువ వాడినప్పుడు క్రెడిట్లు పోగవుతాయి, పని ఎక్కువైనప్పుడు అవి ఖర్చవుతాయి. రాత్రంతా టెస్టులు నడిపి ఉన్న క్రెడిట్లన్నీ ఖాళీ చేశాం, హైపర్‌వైజర్ మమ్మల్ని కోటా దగ్గర ఆపేసింది, ఆ ఆపడమే 62గా కనిపించింది. క్రెడిట్ల గ్రాఫ్ తెరిచి సున్నాకి పడిపోయిన గీత చూపిస్తే ఆ అబ్బాయి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత సర్వర్ ఆపి, కోటా లేని రకానికి మార్చి, తనే మళ్లీ స్టార్ట్ చేశాడు. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, స్టీల్ 0.0. “ఇప్పుడు మనం అదే మెషిన్ మీద ఉన్నామా అక్కా, వేరేదా?” అని అడిగాడు. వేరేదే అయి ఉండొచ్చు, లోపల్నుంచి చూస్తే మనకు తెలియదు అన్నాను.