"కాలి" అంటే నిన్నా, రేపా?

పర్లాకిమిడి బజారులో ఒడియా మాట్లాడే కొట్టాయన్ని ఏదైనా సరుకు అడిగితే ఒక్కోసారి "కాలి" అన్న ముక్క ఒక్కటే మన చెవిన పడుతుంది. ఒడియాలో ఆ మాటకి నిన్న అని అర్థం ఉంది, రేపు అని కూడా ఉంది. వెనక వచ్చే క్రియ వినపడితే ఇబ్బంది లేదు, జనం గోలలో అది వినపడదు. అందుకని "రేపొస్తుందా? నిన్నే అయిపోయిందా?" అని తిరిగి అడుగుతాం. ఆయన చెప్తాడు, ఎవరికీ కోపం రాదు. అదే మనం ఇంటికొచ్చి, సొంత భాషలో, సొంత మనుషులతో మాట్లాడేటప్పుడు ఇలా ఒక్కసారి కూడా అడగం. వాళ్ళేమంటున్నారో మనకి ముందే తెలుసని నమ్మకం.

ఆమధ్య గుణుపురం నుంచి మా అప్ప, అంటే అక్క, ఫోన్ చేసింది. "అమ్మ బీపీ మాత్రలు మళ్ళీ మానేసిందటగా" అంది. అంతే, ఆవిడ మాట పూర్తికాకుండానే నా నోట్లో జవాబు సిద్ధం: "అంటే ఏటి, నేను చూసుకోవట్లేదనా?" ఆ తర్వాత పాత లెక్కలన్నీ తవ్వుకున్నాం, నాలుగు రోజులు మాటల్లేవు.

ఆ జవాబు అంత త్వరగా ఎలా తయారైంది? తాన్యా స్టివర్స్, ఆవిడతో పనిచేసిన భాషా పరిశోధకులు 2009లో పది భాషల సంభాషణలు పరిశీలించారు. ఒకరు ఆపాక రెండోవాళ్ళు అందుకోవడానికి మధ్య పట్టే సమయం సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. మరోవైపు, ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటే ఆ ఒక్క మాట నోటి దాకా రావడానికే దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు అల్లడం మొదలుపెడితే తప్ప అంత త్వరగా అందుకోవడం కుదరదు. ఇది ఎవరి దుర్గుణమూ కాదు, మెదడు పనిచేసే తీరే అంత. మామూలు కబుర్లలో దీనివల్ల నష్టం లేదు, కానీ మనసులో ఏదో నొప్పి ఉన్నప్పుడు మొదటి మూడు మాటలు విని మిగతాది మనమే పూరించేసుకుంటాం.

దగ్గరివాళ్ళ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. కెనెత్ సావిట్‌స్కీ, బోజ్ కేసర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, రెండర్థాలు వచ్చే వాక్యాలని భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్నారు, పరాయివాళ్ళతోనూ చెప్పించారు. దంపతులు పరాయివాళ్ళకంటే బాగా అర్థం చేసుకోలేదు, కానీ తమ మాట తమవాళ్ళకి బాగా అర్థమైందనే ధీమా మాత్రం వాళ్ళకి ఎక్కువ. కొట్టాయన దగ్గర మనకి లేనిది, ఇంట్లో ఉన్నది, ఈ ధీమానే.

బజారులో మనం తిరిగి అడిగి చూసుకునే ఆ పనికి మనస్తత్వ శాస్త్రంలో పేరుంది, చురుగ్గా వినడం అని. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే మనస్తత్వవేత్తలు ఈ పేరుతో ఒక చిన్న పుస్తకం రాశారు, అదీ పని చేసే చోట్ల మనుషుల కోసం. అవతలి మనిషి చెప్పింది, దాని వెనక ఉన్న బాధ, రెండూ మనకెలా అర్థమయ్యాయో మన మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని చూసుకోవడం, సలహా, తీర్పు తర్వాతి సంగతి. మనసులో గౌరవం లేకుండా దీన్ని ఒక ఎత్తుగడలా వాడితే పనిచేయదని కూడా వాళ్ళే రాశారు.

ఐదో రోజు నేనే ఫోన్ చేసి "అప్పా, నువ్వు దూరంగా ఉండి భయపడుతున్నావా?" అని అడిగాను. "భయం కాదురా, కోపం. నీమీద కాదు, రాలేకపోతున్నందుకు నామీద నాకే" అంది. నా ఊహ తప్పు. అయినా పనిచేసింది, ఎందుకంటే అడిగాను కాబట్టి ఆవిడ దిద్దింది. సరిగ్గా పట్టుకోవాలనే టెన్షన్ అక్కర్లేదు.

ఒక సంగతి దాచకూడదు. అమెరికాలో జాన్ గాట్‌మన్ బృందం 130 కొత్త జంటల్ని చాలాకాలం గమనించి 1998లో చెప్పిందేమిటంటే, గొడవ మధ్యలో ఇలా తిరిగి చెప్పే పని సుఖంగా ఉన్న జంటలు కూడా పెద్దగా చేయలేదు. మాట మెత్తగా మొదలవడమే ఎక్కువ లెక్కలోకొచ్చింది. గుండె నిమిషానికి వందసార్లు దాటి కొట్టుకుంటుంటే వినడం కష్టమని, కనీసం ఇరవై నిమిషాలు పక్కకి వెళ్ళమని గాట్‌మన్ చెప్తాడు. నాకు ఇది నిజమనిపిస్తుంది. మంట లేచాక నేను ఏ ప్రశ్న అడిగినా అది ఎత్తిపొడుపులాగే వినపడుతుంది. కాబట్టి దీని చోటు గొడవకి ముందు, లేదా చల్లారాక.

పర్లాకిమిడిలో ఉండి వినడం గురించి రాస్తూ గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. 1880లో ఇక్కడికి బడి పంతులుగా వచ్చి, తెలుగు కూడా తెలిసిన, సవర అనే గిరిజన తెగకి చెందిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. వినడానికి వెళ్ళి వినికిడే పోగొట్టుకున్న మనిషి ఆయన.

మనకి "ఊ కొట్టడం" అని చక్కని మాట ఉంది, పిల్లలకి కథ చెప్తూ "ఊ కొట్టు" అంటాం. కెనడాలో జానెట్ బావెలాస్ బృందం 2000లో దీన్నే పరీక్షించింది. కథ వినేవాళ్ళలో కొందరికి, చెప్పేవాళ్ళకి తెలియకుండా, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు లెక్కపెట్టే పని ఇచ్చారు. వాళ్ళ ముఖాల్లో కథకి తగ్గ ఉలికిపాటు, నవ్వు తగ్గిపోయాయి. దాంతో చెప్పేవాళ్ళ కథే చెడింది, ముఖ్యంగా ముగింపు దగ్గర తడబడ్డారు. వినేవాళ్ళు కూడా కథలో సగం చెప్తారన్నమాట.

మా అమ్మకి మహేంద్రతనయ వరద కథ ఒకటుంది. ఎప్పుడూ "నీళ్ళు తీసేశాయి, అంతే" అని ఆపేసేది, నేను ఫోన్ చూస్తూ ఊ కొట్టేవాణ్ణి. మొన్న రాత్రి ఫోన్ పక్కన పెట్టి, "అంటే ఆ రెండు రోజులూ ఎవరింట్లో ఉన్నారే?" అన్నాను. అమ్మ కాసేపు నన్నే చూసి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేనెప్పుడూ వినని ఒక మేకపిల్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది.